చిన్నపిల్లలతో బ్రిటన్ కాలువల మీద పడవ విహారం: హైదరాబాద్ కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

అన్నయ్యో చెల్లెలో బ్రిటన్‌లో స్థిరపడిన కుటుంబాలు హైదరాబాద్‌లో వీధికి రెండు ఉంటాయి. వేసవి సెలవుల్లో అక్కడికి వెళ్ళినప్పుడు మ్యూజియాలు, రాజభవనాలు, అంగళ్ళు చూసి వస్తాం. నాలుగేళ్ళ పిల్లవాడికి వాటిలో గుర్తుండేది ఐస్‌క్రీం ఒక్కటే. అదే పిల్లవాణ్ని నాలుగు రోజులు పడవలో పెడితే బాతులు, గట్టున ఆవులు, చీకటి సొరంగం, కాలువ నీటిని ఆపే, తన చేత్తో తోసిన లాకు తలుపు ఏడాది పొడవునా కథలు కథలుగా చెబుతాడు. అయితే ఈ విహారానికి మనకు అలవాటైన పద్ధతిలో, అంటే ఎక్కువ చోట్లు చూసిరావాలన్న తొందరతో సిద్ధమైతే మూడో రోజుకే అందరికీ విసుగొస్తుంది.

పడవ ఎలా ఉంటుందో ముందు చెప్పుకోవాలి. నేరోబోట్ అనే ఈ ఇనుప పడవ వెడల్పు ఏడడుగుల లోపే. పొడవు 30 అడుగుల నుంచి 70 దాకా ఉంటుంది. లోపల మంచాలు, వంటగది, స్నానాల గది, హీటరు అన్నీ ఉంటాయి. కేరళ హౌస్‌బోటులో లాగా నడిపేవాళ్ళు, వండేవాళ్ళు వెంట రారు. సరంగు మీరే, వంటవాడూ మీరే. అద్దె పడవకు లైసెన్సు అవసరం లేదు, తీసుకునే రోజున గంటసేపు నేర్పుతారు. కాలువల్లో వేగ పరిమితి గంటకు 4 మైళ్ళు. ఆచరణలో మూడు దాటదు. గట్టు మీద తాతయ్య నడుస్తూ మీతో కబుర్లు చెప్పగలిగినంత వేగం అన్నమాట.

1. పెద్దలెందరు, పిల్లలెందరు?

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఇదే. కాలువ, పడవ, నెల తరువాతి మాటలు. పడవ నడపడానికి ఇద్దరు పెద్దలు కావాలి: ఒకరు చుక్కాని దగ్గర, ఒకరు గట్టు మీద తాళ్ళు పట్టుకోవడానికి, లాకులు తిప్పడానికి. ఈ ఇద్దరి దృష్టీ పిల్లల మీద ఉండదు, ఉండకూడదు కూడా. నాలుగేళ్ళ లోపు పిల్లలుంటే వారికోసం వేరే మనిషి కావాలి. అందువల్ల ఇద్దరు చిన్నపిల్లలతో భార్యాభర్తలు మాత్రమే బయలుదేరడం మంచిది కాదని నా గట్టి అభిప్రాయం. అక్కడున్న బావగారి కుటుంబాన్నో, మీతో వచ్చిన అమ్మమ్మనో కలుపుకోండి. అమ్మమ్మకు మోకాళ్ళ నొప్పులుంటే పడవలోకి దిగే నిటారు మెట్లు ఇబ్బంది పెడతాయి. ఒకసారి లోపల కూర్చుంటే మాత్రం పిల్లలకు కథలు చెప్పడానికి ఆవిడను మించినవారు దొరకరు.

వయసు సంగతికి వస్తే, ఇంకా నడవని పసివాళ్ళతో సులువే. నాలుగు దాటినవాళ్ళు చెప్పిన మాట వింటారు. ఏడాదిన్నరకూ మూడేళ్ళకూ మధ్య ఉన్నవాళ్ళే కష్టం: పరుగెత్తడం వస్తుంది, భయం తెలియదు. వాళ్ళు ఉంటే మొదటిసారి వారం రోజులు వద్దు. శుక్రవారం ఎక్కి సోమవారం దిగేవీ, సోమవారం ఎక్కి శుక్రవారం దిగేవీ చిన్న విహారాలు చాలా చోట్ల దొరుకుతాయి. వాటితో మొదలుపెట్టండి.

2. ఏ నెలలో?

ఇక్కడ మన పాఠశాలల క్యాలెండరు మనకు కలిసి వస్తుంది. అక్కడి పిల్లల పెద్ద సెలవులు జూలై ఆఖరున మొదలవుతాయి. అప్పుడు అద్దెలూ ఎక్కువ, లాకుల దగ్గర వరుసలూ ఎక్కువ. తెలంగాణ బడులకు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. మే నెల మొదటి మూడు వారాలు, లేదా జూన్ తొలి వారం పట్టుకోండి. మే ఆఖరి వారంలో అక్కడి బడులకు చిన్న సెలవులుంటాయి కనుక దాన్ని తప్పించండి. మే నెలాఖరుకు రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది. కాని పగలు 15 డిగ్రీల ప్రాంతం, రాత్రి పది లోపు. నలభై రెండు డిగ్రీల నుంచి వెళ్ళిన పిల్లలకు అది జనవరి చలికంటే ఎక్కువ. స్వెటరు, రెయిన్‌కోటు, మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు తప్పనిసరి.

3. ఏ కాలువ?

మ్యాపులో మైళ్ళు చూసి మోసపోవద్దు, లాకులు చూడండి. కొండ ఎక్కే చోట నీటిమట్టాన్ని మెట్లు మెట్లుగా మార్చే, రెండు కొసలా తలుపులున్న నీటి గదులే లాకులు. గోదావరి, కృష్ణా డెల్టాల వాళ్ళకు వీటిని పరిచయం చేయనక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఆ కాలువల మీద సరుకు పడవలు, మనుషుల పడవలు ఇలాంటి లాకుల గుండానే సాగేవి. తేడా ఒక్కటే. అక్కడ లాకు తీయడానికి మనిషి ఉండేవాడు, బ్రిటన్ కాలువల్లో దాదాపు అన్నిచోట్లా తీసుకోవలసింది మీరే.

పడవల వాళ్ళ లెక్క ఒకటుంది: మైళ్ళకు లాకుల సంఖ్య కలిపి మూడుతో భాగిస్తే గంటలు వస్తాయి. ఆరు మైళ్ళు, మూడు లాకులు అంటే మూడు గంటలు. చిన్నపిల్లలుంటే రోజుకు నాలుగు గంటలకు మించి ప్రయాణం పెట్టుకోవద్దు, అదీ రెండు విడతలుగా. ఎటువైపు వెళ్ళినా అదే దారిన తిరిగి రావాలని మరవకండి. నాలుగు రాత్రుల విహారంలో ఒకవైపు పది పన్నెండు మైళ్ళు వెళితే చాలు.

ఈ లెక్కకు సరిపోయే కాలువలు కొన్ని చెబుతాను. వేల్స్‌లోని లాంగొలెన్ కాలువలో చిర్క్ నుంచి లాంగొలెన్ ఊరిదాకా ఒక్క లాకూ లేదు. దారిలో దాదాపు 420 మీటర్ల సొరంగం, ఆపైన పొంట్‌కసల్తే నీటివంతెన వస్తాయి. టెల్ఫర్డ్, జెస్సప్ అనే ఇంజినీర్లు కట్టిన ఈ వంతెన 1805లో తెరుచుకుంది. పొడవు 307 మీటర్లు, నది మీద ఎత్తు 38 మీటర్లు, 2009 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. నీళ్ళు నిండిన ఇనుప తొట్టిలో పడవ గాలిలో తేలుతున్నట్టు వెళుతుంది. అద్భుతమే, కాని ఒకవైపు నడకదారి, రెయిలింగ్ ఉంటే, రెండోవైపు తొట్టి అంచు తప్ప ఏమీ లేదు. పిల్లలను లోపల కూర్చోబెట్టి తలుపులు వేసి కిటికీలోంచి చూడనివ్వండి. కాదంటే పెద్దవాళ్ళు చేయి పట్టుకుని నడకదారిన తీసుకెళ్ళండి. పడవ ముందుభాగంలో నిలబెట్టి ఫోటోలు తీయాలన్న కోరికను ఈ ఒక్కచోట అణచుకోండి.

వేల్స్‌లోనే ఉన్న మన్మత్ అండ్ బ్రెకన్ కాలువ పడవలు తిరిగే 35 మైళ్ళ పొడవునా ఆరే లాకులు. కొండ అంచున వెళుతుంది, రద్దీ తక్కువ. ఇంగ్లండ్ మధ్యలోని ఆష్‌బీ కాలువ 22 మైళ్ళు పొలాల మధ్య లాకుల్లేకుండా సాగుతుంది. 1485లో బాస్‌వర్త్ యుద్ధం జరిగిన ప్రాంతం దాని పక్కనే. మాంచెస్టర్ వైపు బంధువులున్నవారికి లాంకస్టర్ కాలువ దగ్గర: ప్రెస్టన్ నుంచి ఉత్తరంగా సుమారు 40 మైళ్ళు లాకు లేదు. తప్పించవలసినవీ చెప్పాలి. డివైజెస్ దగ్గరి కేన్ హిల్‌లో 29 లాకులు, అందులో 16 ఒకే వరుసలో గుట్ట ఎక్కుతాయి. టార్డెబిగ్‌లో 30. వాటిని గట్టు మీద నిలబడి చూసి రండి.

అసలు లాకే లేని దారి ఎందుకులే అనిపించవచ్చు. పిల్లలకు లాకే పెద్ద ఆట, నిజమే. రెండు మూడు లాకులున్న దారి ఆదర్శం.

4. పడవ ఖరారు చేసేముందు అడగవలసినవి

వెనుక భాగం ఎలాంటిది? నడిపేవారు నిలబడే వెనుక వేదిక కొన్నింటిలో పూర్తిగా తెరిచి ఉంటుంది, కొన్నింటికి రెండు పక్కలా గోడలుంటాయి. గోడలున్నది కోరండి. పిల్లల లైఫ్ జాకెట్లు ఇస్తారా? సాధారణంగా ఇస్తారు, కాని ప్రతి పిల్లవాడి బరువు కిలోల్లో ముందే రాసి పంపాలి. మెడ వెనుక దిండు, కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నవే అడగండి. అవి లేకపోతే నీళ్ళలో జాకెట్టు పైకి జారిపోతుంది, పిల్లవాడు కిందికి జారతాడు. మీకు ఈత రాకపోతే మీకూ ఒకటి అడగండి, మొహమాటం వద్దు.

మంచాలెలా ఉంటాయో పడవ పటం చూసి తెలుసుకోండి. భోజనాల బల్లే రాత్రికి మంచమయ్యే పడవల్లో పిల్లలు తొమ్మిదికి నిద్రపోతే పెద్దలకు కూర్చునే చోటుండదు. నలుగురికి ఆరుగురు పట్టే పడవ తీసుకుంటే ఈ ఇబ్బంది తీరుతుంది. పొడవు మాత్రం 60 అడుగులు దాటకుండా చూడండి, తిప్పడం కొత్తవారికి కష్టం. డీజిలు, నష్టపరిహార రుసుము అద్దెలో కలిసి ఉన్నాయో విడిగానో అడగండి.

5. హైదరాబాద్‌లోనే చేసుకోవలసిన పనులు

వీసా పిల్లలకూ విడివిడిగా కావాలి, వేలిముద్రలు, ఫోటోల కేంద్రం నగరంలోనే ఉంది. వేసవి రద్దీకి ముందే దరఖాస్తు చేయండి. తల్లిదండ్రుల్లో ఒకరే వెళుతుంటే రెండోవారి అంగీకార పత్రం దగ్గర ఉంచుకోండి.

అంతకంటే ఎవరూ చేయని పని ఒకటుంది. పిల్లలను ఒక ఆదివారం హుస్సేన్‌సాగర్‌కో దుర్గం చెరువుకో తీసుకెళ్ళి, లైఫ్ జాకెట్ వేసి పడవ ఎక్కించండి. జాకెట్టు గుచ్చుకుంటోందని ఏడ్చే పిల్లలుంటారు. ఆ ఏడుపు ఇక్కడే తీరిపోవాలి. ఇంట్లో కూడా టీవీ చూసేటప్పుడు జాకెట్టు వేసి అలవాటు చేస్తే ఇంకా మంచిది. ‘పడవ బయట కాలు పెడితే జాకెట్టు ఉండాలి’ అన్న నియమం బయలుదేరకముందే వాళ్ళ నోట పలకాలి. ఈత క్లాసులకు పంపండి, కాని నెల రోజుల ఈత చూసి ధైర్యపడకండి. చల్లని నీళ్ళలో, బట్టలతో, బూట్లతో పడటం వేరు.

శంషాబాద్ నుంచి లండన్‌కు నేరుగా విమానం ఉంది. దిగినరోజే పడవ ఎక్కవద్దు. వేసవిలో అక్కడి సమయం మనకంటే నాలుగున్నర గంటలు వెనుక. పిల్లలు తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు. పక్కన పడవలుంటే రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది దాకా ఇంజిను వేయకూడదన్నది కాలువల మర్యాద. ఐదు గంటల సేపు ఆ ఇరుకు గదిలో మెలకువగా ఉన్న ఇద్దరు పిల్లలను ఊహించుకోండి. మూడు నాలుగు రోజులు బంధువుల ఇంట్లో ఉండి నిద్ర సర్దుకున్నాక పడవ ఎక్కండి.

సామాను మెత్తని సంచుల్లో సర్దండి. గట్టి సూట్‌కేసుకు పడవలో చోటుండదు. చెప్పులు వద్దు, జారని బూట్లు కావాలి. చీర కొంగు, చున్నీ చుక్కాని పిడికీ, లాకు పళ్ళచక్రాలకూ దగ్గరగా రాకూడదు, అందుకని ప్యాంటు, చొక్కా మేలు. ఒక ప్లాస్టిక్ మగ్గు తప్పక పట్టుకెళ్ళండి, ఎందుకో చెప్పనక్కర్లేదు. వాన రోజున అష్టాచెమ్మా, వైకుంఠపాళి, గుప్పెడు చింతపిక్కలు ఫోనుకంటే ఎక్కువ పనిచేస్తాయి.

6. వంట

పడవలో గ్యాస్ పొయ్యి ఉంటుంది. కరెంటు మాత్రం బ్యాటరీల నుంచి వచ్చేదే. రైస్ కుక్కరు, మిక్సీ, ఇండక్షన్ పొయ్యి, హెయిర్ డ్రయరు ఆ బ్యాటరీలు మోయలేవు. బంధువుల ఇంట్లోంచి మూడు లీటర్ల ప్రెషర్ కుక్కరు అరువు తెచ్చుకుంటే అన్నం, పప్పు, ఉడికించిన బంగాళాదుంప అన్నీ దానిలోనే అవుతాయి. గాలి కోసం పెట్టిన రంధ్రాలను చలేస్తోందని గుడ్డలతో మూయవద్దు. కార్బన్ మోనాక్సైడ్ వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గోడకున్న హెచ్చరిక యంత్రం పనిచేస్తోందో లేదో మొదటి సాయంత్రమే మీట నొక్కి చూడండి.

ఇక్కడినుంచి కందిపొడి, వేయించిన ఉప్మా రవ్వ, పులిహోర పేస్టు, ఊరగాయ తీసుకెళ్ళవచ్చు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు మాత్రం వద్దు, మాంసం, పాల పదార్థాలు భారత్ నుంచి తీసుకెళ్ళడం అక్కడ నిషేధం. బియ్యం, పప్పులు ఊళ్ళోని భారతీయ దుకాణంలో కొని పడవ ఎక్కండి. కాలువ ఒడ్డు పల్లెల్లో పాలు, రొట్టె, గుడ్లు దొరికితే గొప్ప. పడవ కదులుతుండగా పొయ్యి మీద వేడినూనె పెట్టవద్దు. గట్టు తగిలితే పడవ ఒక్కసారిగా కుదుపు ఇస్తుంది.

7. మొదటి సాయంత్రం

పడవ మధ్యాహ్నం తరువాత చేతికిస్తారు. నేర్పే గంటసేపు పిల్లలను ఒకరికి అప్పగించి, నడిపేవారిద్దరూ వినండి. ఫోనులో వీడియో తీసుకుంటే రాత్రి మళ్ళీ చూసుకోవచ్చు. నీళ్ళు ఎక్కడ నింపాలి, మరుగుదొడ్డి ట్యాంకు ఎలాంటిది, ఇంజినులో రోజూ ఏం చూడాలి, ఈ మూడూ తప్పక అడగండి. డైపర్లు, తడి తుడుపుగుడ్డలు మరుగుదొడ్డిలో వేస్తే విహారం అక్కడితో ఆగిపోతుంది.

ఆ సాయంత్రం గంటకు మించి వెళ్ళవద్దు. నడపడం గురించి నాలుగు మాటలు. రోడ్డు మీద ఎడమ, కాలువలో ఎదురు పడవ వస్తే కుడి. చుక్కాని పిడి ఎడమకు నెడితే పడవ కుడికి తిరుగుతుంది. బ్రేకు లేదు, వెనక్కు గేరు వేయడమే ఆపే దారి. కట్టి ఉన్న పడవల పక్కన వేగం బాగా తగ్గించాలి, లేకపోతే వాళ్ళ టీ కప్పులు ఒలికి, వాళ్ళు మీకు చెప్పవలసినవి చెబుతారు. పడవ బరువు పదిహేను టన్నుల పైమాటే. గట్టుకో వంతెనకో తగలబోతుంటే తగలనివ్వండి. చేత్తోనో కాలితోనో ఆపబోతే ఎముక విరుగుతుంది. పిల్లలకు మొదట నేర్పవలసిన పాఠం కూడా ఇదే. ప్రయాణంలో పై కప్పు మీద కూర్చోవడం, పక్క అంచు మీద నడవడం ఎంత బతిమాలినా కుదరదని ముందే చెప్పేయండి.

8. లాకు దాటడం

లాకు దగ్గరకు వచ్చేముందే పడవను గట్టుకు కట్టి పిల్లలెక్కడ ఉంటారో తేల్చుకోండి. రెండే చోట్లు సరైనవి: పడవ లోపల బల్ల దగ్గర కూర్చుని, లేదా గట్టు మీద లాకు అంచుకు దూరంగా ఒక పెద్దవారి చేయి పట్టుకుని. పడవ ముందుభాగంలోని కూర్చునే చోటు లాకులో పనికిరాదు. పైకి ఎక్కేటప్పుడు ఎదుటి తలుపుల తూముల నుంచి నీళ్ళు నేరుగా అక్కడికే దూకుతాయి.

ఎక్కేటప్పుడు ఖాళీ లాకులోకి పడవ వెళ్ళాక కింది తలుపులు మూయాలి. విండ్‌లాస్ అనే ఇనుప పిడితో పైవైపు తూములు కొద్దికొద్దిగా తెరవాలి, ముందు గోడ పక్కనున్నవి, ఆ తరువాతే తలుపులోనివి. నీటిమట్టం సమానమయ్యేదాకా తలుపు ఎంత తోసినా కదలదు. సమానమైన క్షణంలో పిల్లలను పిలవండి. తలుపు పొడవాటి దూలానికి వీపు ఆనించి తోస్తే ఐదేళ్ళ పిల్ల కూడా టన్నుల బరువున్న తలుపు తెరిచానని మురిసిపోతుంది.

దిగేటప్పుడు ప్రమాదం వేరు. పైతలుపు కింద రాతి గడప ఉంటుంది. నీరు నిండుగా ఉన్నప్పుడు కనిపించదు. పడవ వెనుక భాగం దాని మీద ఆగిపోయి, ముందుభాగం నీటితో పాటు దిగితే పడవ ఏటవాలై మునిగిపోతుంది. గడప ఎక్కడిదాకా ఉందో లాకు గోడ మీద తెల్లగీత గీసి ఉంటుంది. నీళ్ళు పూర్తిగా దిగేదాకా పడవ ఆ గీతకు ముందే ఉండాలి. ఏదైనా తేడాగా అనిపిస్తే మొదట తూములన్నీ మూసేయండి, తరువాత ఆలోచించండి. విండ్‌లాస్‌ను కడ్డీకి తగిలించి వదిలేయవద్దు. పట్టు జారితే అది గిర్రున తిరిగి పక్కన నిలబడ్డ పిల్లవాడి తల ఎత్తులోనే కొడుతుంది.

కొత్తవారికి ఒక్కో లాకుకు ఇరవై నిమిషాలు పడుతుంది. వెనుక పడవ ఎదురుచూస్తోందని కంగారు పడకండి. అక్కడ ఎవరికీ తొందర లేదు, మీరొక్కరే తెచ్చుకోకండి.

9. రోజు గడిచే తీరు

ఉదయం ఉప్మా తిని తొమ్మిదికి బయలుదేరితే పదకొండుకు ఆపేయండి. గట్టున ఇనుప మేకులు సుత్తితో దిగ్గొట్టి ముందూ వెనుకా తాళ్ళు కట్టాలి. మేకుల మీద తెల్ల సంచి కప్పితే ఎవరూ తట్టుకుని పడరు. లాకుల పక్కన, మలుపుల్లో, వంతెనల కింద, నీళ్ళు పట్టే చోట కట్టకూడదు. పిల్లలను దింపేముందు అటూ ఇటూ చూడండి, గట్టు దారిన సైకిళ్ళు వేగంగా వస్తాయి. పల్లెలో ఆటస్థలం ఉంటే రెండు గంటలు అక్కడే. మళ్ళీ మూడింటికి బయలుదేరి ఐదుకల్లా రాత్రి మకాం.

పిల్లలకు పనులు ఇవ్వండి. ప్రతి వంతెనకు అంకె ఉన్న పలక ఉంటుంది, ఆ అంకె గట్టిగా చదవడం ఒకరి ఉద్యోగం. ఇది ఆటే కాదు, ప్రమాదంలో 999కు ఫోను చేస్తే ఏ కాలువ, ఏ వంతెన దగ్గర అని చెప్పడానికి పనికొస్తుంది. ఇంకొకరు పక్షులను లెక్కపెట్టాలి. నారాయణ పక్షి గట్టున కదలకుండా నిలబడి ఉంటుంది, లకుముకి పిట్ట నీలం గీతలా దూసుకుపోతుంది. బాతులకు రొట్టె బదులు ఓట్స్ వేయండి. మే నెలలో పిల్లలున్న హంసల జోలికి మాత్రం వెళ్ళనివ్వవద్దు, అవి నిజంగానే మీద పడతాయి.

సొరంగం వస్తుంటే పిల్లలను లోపలికి పంపి లైట్లన్నీ వేయండి. చీకటికి భయపడే పిల్ల ఉంటే ఒక టార్చి చేతికిచ్చి, సొరంగం దీపం తనదేనని చెప్పండి.

10. నీళ్ళలో పడితే, ఒంట్లో బాగాలేకపోతే

ఎవరు పడినా నడిపేవారు చేయవలసిన మొదటి పని గేరు న్యూట్రల్‌లో పెట్టడం. కింద ప్రొపెల్లర్ తిరుగుతూ ఉంటుంది కనుక వెనక్కు గేరు వేసి దగ్గరకు వెళ్ళే ప్రయత్నం చేయకూడదు. తాడో, తేలే చక్రమో విసరండి. కాలువ చాలాచోట్ల పెద్దవారికి నడుము, ఛాతీ లోతే. ‘లేచి నిలబడు’ అని అరిస్తే పెద్దవారు బయటపడతారు. పిల్లలకు ఆ లోతు ఎక్కువే, లాకులో అందరికీ ఎక్కువే.

కాలువ నీటిలో ఎలుక మూత్రం నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ భయం ఉంది. చేతులకు గాయాలుంటే కట్టు వేయండి, తాళ్ళు ముట్టుకున్న చేతులను తినేముందు సబ్బుతో కడిగించండి. తడిసిన పిల్లలకు వేడి నీటి స్నానం చేయించండి. తిరిగి వచ్చిన మూడు వారాల లోపు జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తే కాలువ నీటి సంగతి డాక్టరుకు చెప్పండి. హైదరాబాద్‌లో వానాకాలం మొదలయ్యే రోజులవి, డెంగీ పరీక్ష దగ్గరే ఆగిపోకుండా ఉంటారు. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు మీరే నడిపే అద్దె పడవ కూడా దాని కిందికి వస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి.

11. పడవ అప్పగించడం

ఆఖరి రోజు ఉదయం తొమ్మిదికే పడవ అప్పగించాలని చాలామంది షరతు పెడతారు. అందుచేత ముందు రాత్రి అక్కడికి గంట దూరంలోనే కట్టండి. బట్టలు రాత్రే సర్దేయండి, అంట్లు తోమేయండి, చెత్త విడివిడిగా కట్టండి. మంచాల కింది సొరుగులు, కిటికీ పక్క అరలు పిల్లలతోనే వెతికించండి, బొమ్మలు, చింతపిక్కలు అక్కడే దొరుకుతాయి. జాకెట్టు మాత్రం వాళ్ళు గట్టెక్కి కారులో కూర్చున్నాకే విప్పండి, సామాను దింపే హడావుడిలో ఎవరూ పిల్లలను చూడరు.